సంచిలో వెంట్రుక

మా ఇంట్లో తల దువ్వుకోవడానికి ఒక చోటు ఉండేది. పెరట్లో నీళ్ళ కడవలకు దూరంగా, గాలి వీచని మూల చూసుకుని కూర్చోవాలి. రాలిన ప్రతి వెంట్రుకా ఏరి, ఉండచుట్టి, పొయ్యిలో వేయాలి. "కాపురానికొచ్చిన రోజు నుంచీ ఈ కంపే నాకు ధూపం" అని అమ్మ గొణిగేది. గొణుగుతూనే చీపురుతో ఇంకోసారి ఊడ్చేది.

మాది రాజుగారికి తాగునీరు మోసే ఇల్లు. మేం రాజును రాజు అనం, సూర్యప్రభువు అంటాం. మా ఊరు హత్తుసలోని కోటలో ఆయన నోట్లోకి వెళ్ళే ప్రతి చుక్కా మా నాన్న హుతుపి చేతుల మీదుగానే వెళ్ళాలి. కొండమీది ఊట నుంచి నీళ్ళు తెచ్చి, నారబట్టలో మూడుసార్లు వడగట్టి, కడవ మూతికి తోలు బిగించి, తెల్లవారగానే వంటశాల గుమ్మం దగ్గర దించాలి. నిన్నటి ఖాళీ కడవ తెచ్చుకోవాలి. ఆ పని ఆడవాళ్ళు ముట్టుకోకూడదు. వడగట్టేవాడు తల గొరిగించుకుని, పైన గుడ్డ కట్టుకోవాలి.

ప్రభువు నీళ్ళలో వెంట్రుక కనిపించిందా, ఇక ఆ ఇల్లు ఉండదు. ఆ వెంట్రుకను చిన్న తోలుసంచిలో వేసి, మూతి మీద తడిమట్టి అద్ది, రాజముద్ర కొడతారు. అశుద్ధం కంట పడితే అంటుకుంటుందని ఆ సంచిని మళ్ళీ ఎవరూ విప్పరు. దాన్ని నీళ్ళు మోసేవాడి మెడకు కట్టి ఏట్లోకి దించుతారు. తప్పు లేనివాణ్ణి ఏరు ఒడ్డుకు చేరుస్తుంది. తప్పున్నవాణ్ణి తీసుకుంటుంది. అతన్ని తీసుకుంటే భార్యాపిల్లల్నీ అదే రోజు అతని వెనకే పంపేస్తారు.

మా పెదనాన్న వల్వాను అలాగే తీసుకుంది. నేను పుట్టకముందు, పాత ప్రభువు కాలంలో జరిగిన మాట. పెదనాన్న, పెద్దమ్మ, ఇద్దరు పిల్లలు. ఆ కడవ మా నాన్న భుజానికి వచ్చింది. ఈ సంగతి చెప్పేటప్పుడు నాన్న ఒక్కచోట గొంతు పెంచేవాడు. "మీ అన్న వడగట్టేటప్పుడు తలగుడ్డ కట్టుకుంటాడా?" అని విచారణలో అడిగారట. "ఒక్కోసారి కట్టుకోడు" అని నాన్న చెప్పాడట.

"నేను అబద్ధమాడలేదు. ఉన్నమాట చెప్పాను. ఏరు కూడా అదే చెప్పింది" అనేవాడు. ఎవరూ అడక్కపోయినా అనేవాడు.

నెలకోసారి నాన్న కోటకు వెళ్ళి, నీళ్ళ మీద అజమాయిషీ చేసే అర్మజితి ముందు ప్రమాణం చేసేవాడు. గుక్కెడు నీళ్ళు నేలమీద ఒలకబోసి, రాజముద్ర మీద బొటనవేలు ఆనించి, "నేను తప్పు చేస్తే నా ప్రాణం, నా పెళ్ళాం బిడ్డల ప్రాణం ఈ నీళ్ళలా నేలకింకిపోవాలి" అనాలి. ముప్ఫై ఏళ్ళు అలా అన్నాడు. కళ్ళు మూసుకుని తడిమి ఏ ప్రభువు ముద్రో చెప్పగలడు. పాత ప్రభువు ముద్రలో సూర్యుడి రెక్కలు పొడుగనీ కొసలు పైకి తిరిగి ఉంటాయనీ, ఇప్పటివి పొట్టి రెక్కలనీ చెప్పేవాడు.

ఆ తడమడమే ఆయనకు మిగిలింది. మా అన్న జిదాను సైన్యంలోకి తీసుకుపోయిన ఏడాదే నాన్న కళ్ళకు పొర కమ్మింది. నాన్న తరువాత కడవ ఎత్తుకోవలసినవాడు జిదా. రెండేళ్ళయినా వాడి కబురు లేదు. కళ్ళు పోయాయని చెబితే ఉద్యోగం పోతుంది, దానితోపాటు కోటనుంచి వచ్చే బార్లీ పోతుంది. అప్పటికే ఆ బార్లీ మూడోవంతుకు దిగింది. వానలు లేవు. సముద్రం మీంచి వచ్చే ధాన్యం పడవలు రావడం మానేశాయి. అందుకని కొట్టుగది తలుపు వేసుకుని నేను వడగట్టడం మొదలుపెట్టాను. తలకు మూడు మడతల గుడ్డ చుట్టుకునేదాన్ని. నాన్న తలుపుకు వీపు ఆనించి నిలబడేవాడు. అలా రెండేళ్ళు ప్రభువు నా చేతినీళ్ళు తాగాడు. నాకు పదహారేళ్ళు, జుట్టు మోకాళ్ళు తాకేది. ఆ రెండేళ్ళలో ఒక్క పూట కూడా హాయిగా తిన్న గుర్తు లేదు.

ఎండాకాలం చివర ఒక మధ్యాహ్నం అర్మజితి మా గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు. కాళ్ళకు కొండదారి బూట్లున్నాయి. చేతిలో తోలుసంచి.

"హుతుపీ, ఉన్నావా?"

నాన్న గబుక్కున లేచాడు. ఆ సంచి ఆయనకు కనపడలేదు. నాకు కనపడింది. గోడ పట్టుకున్నాను.

"నిన్నటి కడవలో వచ్చింది" అన్నాడు అర్మజితి. "ప్రభువు తాగబోతుంటే పెదవికి తగిలింది."

అమ్మ కాళ్ళమీద పడింది. "దొరా, ఒక్కసారి చూపించండి. మా ఇంటిదో కాదో చెబుతాం."

"చూసి నువ్వూ చస్తావా? విప్పకూడదని తెలీదూ?"

"పొట్టిదో పొడుగుదో అయినా చెప్పండి బాబూ."

ఆయన నా తల వైపు చూశాడు. ఒక్క క్షణమే. "పొడుగుది" అన్నాడు.

నేను జుట్టు వీపు వెనక్కి నెట్టుకున్నాను. ఆయన సంచి ఎత్తి పట్టుకున్నాడు. మూతి మీది మట్టి ఎండిపోయి, ఒక అంచు పెచ్చులు లేచి ఉంది. అది నా కంటపడింది. నాదే, నా వెంట్రుకే అనుకోవడంలో మునిగిపోయి దాని గురించి ఇంకేమీ ఆలోచించలేదు.

"నాలుగోరోజు పొద్దెక్కేసరికి ముగ్గురూ ఏటి ఒడ్డున ఉండండి. అందాకా ఊరు దాటారో, ఎక్కడున్నా వెతికించి రప్పిస్తాను. నీళ్ళు మాత్రం ఆగడానికి వీల్లేదు" అని చెప్పి, సంచి నడుముకు దోపుకుని వెళ్ళిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా అమ్మ గుమ్మంలోంచి చూసింది. తరువాత మూటకట్టడం మొదలుపెట్టింది.

"ఏమయ్యా, లే. ఉత్తరం వాకిలి దగ్గర కాపలా పలచగా ఉందట. పోదాం."

"పోయి?"

"పోయి బతుకుదాం. వీధిలో సగం ఇళ్ళు ఖాళీ. కుమ్మరోళ్ళు పోయారు, నేతగాళ్ళు పోయారు. మనమేనా మిగిలిన పతివ్రతలం?"

"వాళ్ళు ప్రమాణం చేసినవాళ్ళు కాదు. నేను చేశాను. వెయ్యిమంది దేవుళ్ళు వెంటపడతారే!"

"ఆ వెయ్యిమందిలో ఒక్కడికైనా మనింట్లో బార్లీ అడుగంటిందని తెలుసా? అది చూడ్డానికి కళ్ళు లేవుగానీ నీ వెంట పడ్డానికి కాళ్ళున్నాయా?"

నాన్న చెవులు మూసుకున్నాడు. అంత మాట వినడానికి కూడా ఆయనకు భయమే. నేను ఏడుస్తూ ఆయన ముందు కూర్చున్నాను.

"నాదే నాన్నా అది. గుడ్డ జారిందేమో. నేనే వెళ్ళి చెప్పేస్తాను."

"నోరు మూసుకో అన్నిత్తీ." నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. "ఇలా విను. వెంట్రుక నా తలది కాదు కదా. నేను దిగితే ఏరు నన్ను వదిలేయాలి. నన్ను వదిలితే ఇల్లంతా శుభ్రమైనట్టే. నువ్వు నోరు తెరిచావా, నిన్ను దించుతారు. అప్పుడు అయిపోతాం. అక్కడ మాట్లాడావంటే కాళ్ళు విరగ్గొడతాను."

ఆ లెక్క విని నాకు కాస్త ధైర్యం వచ్చింది. కానీ తరువాత తనలో తాను గొణుక్కోవడం విన్నాను. "దేవుళ్ళు వెంట్రుక సంగతి అడుగుతారో, వడగట్టిన చేతుల సంగతి అడుగుతారో."

మర్నాడు నాన్న కడవ ఎత్తుకుంటే దారి చూపడానికి నేను ముందు నడిచాను. వంటశాల గుమ్మం మూసి ఉంది. నిన్నటి కడవ అక్కడే ఉంది. నాన్న వంగి ఎత్తబోయి ఆగిపోయాడు. బరువుగా ఉంది. తోలు బిగింపు మేం కట్టింది కట్టినట్టే ఉంది.

"ముట్టలేదు" అన్నాడు నాన్న.

తలుపు తట్టాం. ఎవరూ పలకలేదు. పక్కవాకిలి దగ్గర ఎప్పుడూ నలుగురు ఉండే చోట కాపలావాడు లుపక్కి ఒక్కడే గోడకు జారగిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. అతను కూడా మమ్మల్ని చచ్చినవాళ్ళలో కలిపేశాడనుకున్నాను. కొత్త కడవ దించి, పాత నీళ్ళు మోసుకుని తిరిగివచ్చాం. మూడోరోజూ అంతే. కడవ నిండుగా, దుమ్ము కమ్మి, మూత మీద కాకిరెట్టతో కూర్చుని ఉంది.

"మన నీళ్ళు తాగడంలేదు. ప్రభువు మనసు విరిగింది. ఏటిదాకా వెళ్ళకముందే తీర్పు అయిపోయింది" అన్నాడు నాన్న. మాకు ఇంకో అర్థం తోచలేదు. ఎంత పిచ్చివాళ్ళం! నిండు కడవ చూస్తే తాగేవాడి కోపం గుర్తొచ్చిందిగానీ, తాగేవాడు ఉన్నాడా అన్న ప్రశ్న ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. మా పుట్టుకలోనే ఆ ప్రశ్న లేదు.

ఆ సాయంత్రం అమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని పాయపాయా తడిమి చూసింది. ఎక్కడినుంచి రాలిందో కనిపెడితే తిరిగి అతికించవచ్చన్నట్టు వెతికింది. "ఎంత జుట్టే నీకు" అంది. చిన్నప్పుడు మురిసిపోతూ అనే మాట అది. ఆ పూట ఏడుస్తూ అంది.

నాలుగోరోజు పొద్దెక్కకముందే ఏటి ఒడ్డుకు చేరాం. ఎవరూ లేరు. పెద్దవాళ్ళు ఆలస్యంగా వస్తారులే అనుకున్నాం. రాళ్ళమీద వరసగా నిలబడ్డాం. కూర్చుంటే తప్పేమోనని కూర్చోలేదు. పొద్దు నెత్తిమీదికి వచ్చింది. వానలు లేక ఏరు చిక్కిపోయి మోకాలి లోతున రాళ్ళ మధ్య పాకుతోంది. ఎవరైనా రావడం కోసం అంత భయంగా, అంత ఆశగా నేను ఎప్పుడూ ఎదురుచూడలేదు.

"రాకపోతే పోదాం పద" అంది అమ్మ.

"వాళ్ళు రాకపోతే ఏం? పైన చూసేవాళ్ళు చూస్తూనే ఉన్నారు. చెప్పిన రోజు ఇదే" అన్నాడు నాన్న. చెప్పులు విప్పాడు. తలగుడ్డ తీసి అమ్మకు ఇచ్చాడు.

"ఆ నీళ్ళలో గొర్రెపిల్ల కూడా మునగదయ్యా, నీకేమైనా మతి పోయిందా?"

ఆయన వినలేదు. కాళ్ళతో తడుముకుంటూ నడుముదాకా ఉండే లోతు కోసం వెతికాడు. ఎక్కడా లేదు. చివరకు ఏటి మధ్య మోకాళ్ళమీద కూలబడి, చేతులు చాచి, ముఖం నీళ్ళలో పెట్టి బోర్లా పడుకున్నాడు.

వీపు బయటే ఉంది. చొక్కా మీద ఎండ పడుతోంది. తల మాత్రం కింద ఉంది. లేస్తాడని చూశాం. లేవలేదు. చేతివేళ్ళు రాళ్ళను పట్టుకున్నాయి. అమ్మ అరిచిన అరుపు ఈనాటికీ నా చెవిలో ఉంది. నేను నీళ్ళలోకి దూకి, భుజాలు పట్టి లాగాను. ఆయన నన్ను తోసేశాడు.

"వదులు! ఏరు చెప్పాలి! అది వదిలేదాకా నువ్వు ముట్టకు!"

"వెంట్రుక నాది నాన్నా! నాది!"

"నీదని తెలిసే కదే దిగింది!" అని దగ్గుతూ మళ్ళీ ముఖం ముంచబోయాడు. అమ్మ వచ్చి కాళ్ళు పట్టుకుంది. ఇద్దరం కలిసి గోనెబస్తాను లాగినట్టు ఒడ్డుకు లాగాం. నాన్న నీళ్ళు కక్కుతూ, "వదిలిందా? ఏరు వదిలిందా, మీరు లాగారా?" అని అడుగుతున్నాడు. అమ్మ ఆయన తలగుడ్డతోనే ఆయన ముఖం తుడిచింది.

అప్పుడే వంతెన మీద గాడిద గిట్టల చప్పుడైంది. లుపక్కి. గాడిద మీద మూటలు, వాటి మీద అతని ముసలితల్లి. అతను నిలబడి మమ్మల్ని చూశాడు.

"ఇంకా ఇక్కడేం చేస్తున్నావు హుతుపీ?"

"అర్మజితి దొర రమ్మన్నారు. విచారణ" అన్నాడు నాన్న.

లుపక్కి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "నిన్నూ రమ్మన్నాడా? ప్రభువు రాత్రికిరాత్రి దక్షిణం దారి పట్టి వారం దాటింది. గుళ్ళలో దేవుళ్ళను కూడా బండ్లమీద కట్టుకుపోయారు. దొర అందాకా మీ నీళ్ళు తనే వాడుకుని, మూడురోజుల కింద ఆఖరి బండితో పోయాడు. రొట్టెలు కాల్చేవాడికి పిండిలో రాయి దొరికిందని చెప్పాడు. చెప్పులు కుట్టేవాడికి ప్రభువు చెప్పులకు మైలతోలు వాడావని చెప్పాడు. మీరంతా వెంటపడితే దారిలో తిండి చాలదు కదా. ఇంట్లో కూర్చోబెట్టడానికి ఒక్కొక్కరికీ ఒక్కొక్క భయం పంచిపోయాడు. నన్ను నోరెత్తొద్దన్నాడు. నాకూ పిల్లలున్నారు, హుతుపీ. పడమటి నుంచి ఎవరో ఇళ్ళు తగలబెడుతూ వస్తున్నారట. పొద్దు గుంకేలోగా కదలండి."

"నోటికొచ్చినట్టు వాగకు" అన్నాడు నాన్న. "ప్రభువు ఊళ్ళో లేకపోతే ఆయన పెదవికి వెంట్రుక ఎలా తగిలింది?"

లుపక్కి గాడిదను అదిలించాడు.

నాన్న కోటకు వెళ్ళాలని పట్టుబట్టాడు. అమ్మ తిట్టింది, ఏడ్చింది, చివరికి వెంట వచ్చింది. వంటశాల గుమ్మం దగ్గర మా కడవ అలాగే ఉంది. నేను పక్కవాకిలి తోస్తే తెరుచుకుంది. కోట తలుపు చేత్తో తోస్తే తెరుచుకోవడం ఏమిటి! వెనక్కి పరిగెత్తాలనిపించింది. లోపల కుక్క కూడా లేదు. మా అడుగుల చప్పుడుకు మేమే ఉలిక్కిపడ్డాం.

అర్మజితి గదిలో ప్రమాణాల బల్ల ఉంది. దాని వెనక గోడకు కొయ్యమేకులు. మేకులకు తోలుసంచులు వేలాడుతున్నాయి, పదో పన్నెండో. అన్నిటికీ మూతిమీద మట్టి, మట్టిమీద రాజముద్ర. బల్ల అంచున ఇంకొకటి పడి ఉంది. పెచ్చులు లేచిన అంచు చూసి దాన్ని గుర్తుపట్టాను.

"దొరికిందా?" నాన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ముట్టకు. నువ్వు ముట్టకు."

నేను ముట్టుకున్నాను. అమ్మ వద్దనలేదు. మట్టి పెంకులా విరిగింది. సంచి తెరిచి, చీకటిగా ఉందని కిటికీ దగ్గరకు తీసుకువెళ్ళాను. లోపలా బయటా తిరగేశాను.

"ఎంత పొడుగుంది?" అడిగాడు నాన్న.

"ఏమీ లేదు నాన్నా."

"సరిగ్గా చూడు. కుర్రకళ్ళు నీవి."

"లేదు. ఖాళీ."

అమ్మ గోడమీది సంచి ఒకటి లాగి విప్పింది. ఖాళీ. ఇంకోటి. ఖాళీ. పళ్ళతో మట్టి కొరికి మరీ విప్పింది. "ముందే కుట్టి, ముందే ముద్ర కొట్టి పెట్టుకున్నారు. ఎవడి మెడకు కావాలంటే వాడి మెడకు!" అని విసిరికొట్టింది. నా వెంట్రుక ఎక్కడా లేదు. రెండేళ్ళలో నేను ఒక్క తప్పూ చేయలేదు. ఆ మాట తెలిసి నాకు సంతోషం రావాలి కదా, ఇంకా ఎక్కువ భయం వేసింది.

నాన్న చేతులు చాచి గోడ దగ్గరకు వచ్చాడు. మిగిలిన సంచులను ఒక్కొక్కటే తడిమాడు. మూలనున్న మేకు దగ్గర ఆయన బొటనవేలు ఆగిపోయింది. ఆ సంచి తోలు ఎండి కొయ్యలా అయింది. ఆయన వేలు మట్టిమీద అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ మెల్లగా నడిచింది.

"పొడుగు రెక్కలు" అన్నాడు. "కొసలు పైకి తిరిగి ఉన్నాయి."

అమ్మ చేతిలో సంచి జారిపోయింది. ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. పెదనాన్న కాలం నాటిది అది. అప్పుడు కూడా ఇవి ఇలాగే గోడకు వేలాడుతూ ఉండేవి.

"ఒక్కోసారి కట్టుకోడు అని చెప్పాను" అన్నాడు నాన్న. గొంతు పెంచలేదు ఈసారి. "అన్న నా వైపు చూశాడు. పిల్లలు కూడా చూశారు."

దాన్ని విప్పుదామని నేను చెయ్యి చాచాను. ఆయన చటుక్కున లాక్కుని గుండెకు అదుముకున్నాడు. ఆయన ముఖం చూసి నేను వెనక్కి తగ్గాను. ఏట్లోకి దిగేటప్పుడు కూడా అంత భయం లేదు ఆ ముఖంలో.

"విప్పకు. ఇందులో ఉంటుంది" అన్నాడు.

"నాన్నా..."

"ఇందులో ఉంటుంది అన్నాను కదా!"

పొద్దు గుంకేలోగా మేం దక్షిణం దారి పట్టాం. కొండ ఎక్కాక వెనక పొగ కనిపించింది. అమ్మ చూడొద్దంది, చూడలేదు. నాన్న ఆ సంచికి తాడు కట్టి మెడలో వేసుకున్నాడు. ఎండలు మండే ఊళ్ళలో, పరాయి భాషల మధ్య, ఆరేళ్ళు బతికాడు. స్నానానికి కూడా దాన్ని తీయలేదు. జ్వరంలో ఉన్నప్పుడు ఆయన చేతివేళ్ళు మట్టి అంచు ఊడిపోలేదు కదా అని పదేపదే చూసుకునేవి.

ఆయన పోయాక ఒంటికి నీళ్ళు పోసింది నేనే. వడగట్టిన నీళ్ళే పోశాను. సంచి నా చేతిలోకి వచ్చింది. బొటనవేలితో పైనుంచి ఒత్తి చూశాను. రెండు తోళ్ళూ ఒకదానికొకటి తగిలాయి, మధ్యలో ఏమీ లేదు. ముద్ర విరగకుండా మళ్ళీ ఆయన మెడకే కట్టి పాతిపెట్టాం.